కిరీటానికి టికెట్టు

రాత్రి రెండుంపావు. కాసిల్‌మిల్క్, చివరి స్టాపు.
ఇంజను ఆపితే వాన గట్టిగా వినబడుతుంది.
ఇరవై నిమిషాలు నావి.
ఫ్లాస్కులో టీ, ఒళ్ళో ఫోను,
ఫోనులో లోకంలోని కట్టడాలన్నీ
ముసుగులేసుకుని నా కోసం నిలబడి ఉంటాయి.

నాలుగు కాళ్ళు, నడవదు.
ఒళ్ళంతా చిల్లులే, కారదు.
ఎండాకాలం జానెడు ఎదుగుతుంది, ఏమిటది?
మొదటి ముక్కకే విప్పితే పది పాయింట్లు,
ఆపైన ముక్కకి రెండేసి తరుగు.
పారిస్ టవరు పేరు కొట్టేశాక కూడా
ఫ్లాస్కు మూత నా చేతిలోనే ఉంది.

సముద్రానికి వీపు తిప్పిన రాతి తలకాయలు,
ద్వారబంధాలే తప్ప గోడల్లేని ఇల్లు,
ఎనిమిది వందల ఏళ్ళుగా తూలుతూ
ఇంకా పడని తాగుబోతు,
అన్నీ నాకు చుట్టాలే.
ఒక్కదాని గుమ్మమూ తొక్కి ఎరగను.
నేను ఎరిగిందల్లా ఈ ఒక్క దారి,
దీని గుంతలు, శనివారం వాంతులు,
సీట్ల కింద మిగిలిపోయే గొడుగులు.
పేరు ఇష్‌బెల్. ఆటలో మాత్రం 'ఆఖరి బస్సు'.

వరసగా పది విప్పినవాళ్ళకి
ఒకటి పొడిచే హక్కు వస్తుంది.
ఇవాళ నాకొచ్చింది.
అద్దం మీద వేలితో ఓసారి రాసుకుని చూసి, పంపాను:

రాజును కాను, పట్టాభిషేకాలకి లెక్కలేదు.
కిరీటం నారింజ రంగు, రత్నం ఒక్కటీ లేదు,
రోడ్డు మీద దొరికింది.
పగలు నిచ్చెన వేసి దింపుతారు,
రాత్రి నిచ్చెన లేకుండానే పెడతారు.
గుర్రం మాత్రం దిగను.
చెప్పుకో చూద్దాం.

లిమా నుంచి ఎవరో ఓ చక్రవర్తిని తెచ్చారు.
ఉలాన్‌బాతర్ నుంచి ఇంకో పెద్ద గుర్రం.
నారింజ అంటే డచ్చివాళ్ళే అని
జాగ్రెబ్ పిల్ల లెక్కలు కట్టింది.
పాపం, ఎవరికి తడుతుంది,
గ్లాస్గో నడిబొడ్డున ఓ కంచు డ్యూకు
ట్రాఫిక్ కోను నెత్తిన పెట్టుకుని
పావురాలకి కొలువిస్తున్నాడని!

పదకొండు సెకన్లుండగా ఒక జవాబు.
పేరు లేదు, అంకెలే.
ఊరి దగ్గర: స్టాన్లీ, ఫాక్‌లాండ్ దీవులు.

"గుర్రం మోకాలి మీద కాలెయ్యకు.
జారుతుంది."

ఆట ఎర్రగా 'తప్పు' అంది.
దానికేం తెలుసు,
పందొమ్మిదేళ్ళ మా తమ్ముడు రోరీ
ఆ మోకాలి మీంచే జారి, బూటొకటి పోగొట్టుకుని,
ఒక కాలికి తడి మేజోడుతో నా పక్కన
ఇంటిదాకా డ్యూకుని తిడుతూ నడిచాడని.
ఐస్‌క్రీం వ్యాను కొంటానని నా పొదుపు పట్టుకెళ్ళి,
వ్యానూ రాక పొదుపూ రాక,
స్క్విడ్ పడవల మీద పనికని పోయాడు.
ఆరేళ్ళు. ఒక్క మాట లేదు, అటూ ఇటూ.

ఆట సున్నా వేసిన జవాబు కింద
కర్సరు కొట్టుకుంటోంది.
'ఒరేయ్' అని రాశాను. చెరిపాను.
'అక్కడా వానేనా' అని రాశాను. చెరిపాను.
'వ్యాను ఏ రంగుది కొందామనుకున్నావు?'
ఇది చెరపకముందే
వేలు జారింది. వెళ్ళిపోయింది.

రెండు ముప్పై అయిదు. తలుపు తీశాను.
నిలువునా నానిన కుర్రాడొకడు ఎక్కాడు,
చంకలో కోను,
ఏ గుంత పక్కనుంచి లేపుకొచ్చాడో
మట్టి ఇంకా కారుతోంది.
"దీనికీ టికెట్టు కొట్టాలా, అక్కా?"
"కిరీటాలకి టికెట్టు లేదు. కూర్చో."

అద్దంలో చూశాను. బూట్లు కొత్తవి, అడుగులు నున్నన.
నది దాటేదాకా ఊరుకున్నాను.
దాటాక, వెనక్కి తిరక్కుండానే అన్నాను,
"మోకాలి మీద కాలెయ్యకురా. జారుతుంది."
"ఎవరు చెప్పారు?"
"పడ్డవాడు."

సంచిలో ఫోను ఒకసారి కదిలింది.
ముందర ఎర్రలైటు కూడా పడింది.
అయినా తియ్యలేదు.
వైపర్లు అటూ ఇటూ,
అటూ ఇటూ.